పిట్టగోడ కట్టమన్న దేవుడు



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టనందువల్ల ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిదే. వేసవి రాత్రులు మిద్దెల మీద పడుకున్న మన లింగాల, పులివెందుల ప్రాంతం వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పడినవాడి తప్పెంత అని దేవుడు లెక్క వేయలేదు. గోడ ఏదని ఇంటివారినే అడిగాడు.

వంతెన ఊరందరి మిద్దె. హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఆ తరువాత బ్రతుకుపై ఆశ వదులుకున్న కొందరు అక్కడ ప్రాణాలు తీసుకున్నారు. ఇలాంటి చోట ఎత్తయిన కంచె వేయాలంటే, "చావదలచినవాణ్ణి ఎవరు ఆపగలరు? డబ్బు దండగ" అంటారు కొందరు.

ఆపగలం. అమెరికాలోని గోల్డెన్ గేట్ వంతెనపై 1937 నుండి 1971 వరకు చివరి క్షణంలో అడ్డుకున్న 515 మంది ఏమయ్యారో రిచర్డ్ సైడెన్ అనే ఆచార్యుడు ఆరా తీసి 1978లో ప్రకటించాడు. వారిలో పదింట తొమ్మిది మందికి పైగా బ్రతికే ఉన్నారు, లేదా సహజంగా మరణించారు. ఆ గడియ దాటితే మనిషి దక్కుతాడన్నమాట. అయినా ఆ వంతెనకు ఉక్కు వల పూర్తయింది 2024లో!

మన పల్లెల్లో గోడలేని మిద్దె పురుగుమందు డబ్బా. శ్రీలంక ప్రభుత్వం మిక్కిలి విషపూరితమైన మందులను 1995 నుండి వరుసగా నిషేధించింది. ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది.

ఫిలిప్పీ చెరసాల అధికారి కత్తి దూసినప్పుడు పునీత పౌలు ముందు బోధించలేదు, కేక వేసి ఆపాడు. బోధ, జ్ఞానస్నానం ఆ తరువాతే. ఇలా మరణించినవారి రక్షణ విషయంలో నిరాశపడవద్దని శ్రీసభ సత్యోపదేశం (2283) చెబుతోంది. కనుక ఆ కుటుంబాలను వేలెత్తి చూపక, వారి కొరకు ప్రార్థించుదాం.

వంతెనలకు కంచెలు వేయమని పాలకులను అడుగుదాం. మన ఇంట పురుగుమందుకు తాళం వేద్దాం. మనసు కుంగినవారి పక్కన కూర్చుందాం. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చని వారికి చెబుదాం. మన సహోదరుని ప్రాణానికి మనమే పిట్టగోడ కావాలని ప్రభువు కోరుతున్నాడు. ఆమెన్.