ఎవరి ఉప్పు తింటున్నావు?

నాయనా, ప్రజాసేవ చేస్తానని బయలుదేరావు. ఎదుటివాడి వెనుక కోట్లున్నాయి, నా చేతిలో ఏముందని దిగులుపడుతున్నావు. ధనం లేకపోవడం కష్టమే గాని కీడు కాదు. వచ్చిన ధనం ఏ చేతి నుంచి వచ్చిందో విచారించకపోవడమే కీడు. నీ మేలు కోరి చెబుతున్నాను, నిదానంగా విను.

కురుక్షేత్రంలో శంఖాలు మోగక ముందే ధర్మరాజు కవచం విప్పి, కాలినడకన వెళ్లి భీష్ముడికి నమస్కరించాడు. ధర్మం ఏ పక్షాన ఉందో ఆ వృద్ధుడికి తెలుసు. జయం కలగాలని పాండవులను దీవించాడు కూడా. అయినా కౌరవుల ధనానికి కట్టుబడిపోయానని, వారి పక్షాన పోరాడక తప్పదని చెప్పుకున్నాడు. తండ్రి కోసం రాజ్యాన్నీ సంసారాన్నీ వదులుకున్న మహానుభావుడే తిన్న ఉప్పును దాటలేకపోతే మనమెంత? పెద్ద మొత్తం ఇచ్చినవాడు నీ చేత పత్రం రాయించుకోడు. అన్యాయాన్ని అన్యాయమనవలసిన రోజున నీ నోరే పెగలదు. ఋణం చేసే పని అంతే.

ఈ కాలపు దృష్టాంతం ఒకటి చెబుతాను. అమెరికాలో అధిష్ఠానం బీ-ఫారం చేతిలో పెడితే అభ్యర్థి అయిపోరు. ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లే పార్టీ అభ్యర్థిని ఎన్నుకుంటారు. 2025 జూన్‌లో న్యూయార్క్ మేయర్ పదవికి డెమొక్రటిక్ ప్రైమరీ జరిగింది. ఒకవైపు ఆండ్రూ క్యూమో. పదేళ్లకు పైగా రాష్ట్ర గవర్నరుగా ఉండి, 2021లో రాజీనామా చేసి, మళ్లీ బరిలోకి వచ్చినవారు. ఆయనకు మద్దతుగా ఏర్పడిన స్వతంత్ర కమిటీ 2 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. మాజీ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఒక్కరే అందులో 80 లక్షల డాలర్లకు పైగా వేశారు. ఇది చట్టం ఒప్పుకున్న పనే. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇలాంటి ఖర్చుకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

మరోవైపు 33 ఏళ్ల జోహ్రాన్ మమ్దానీ, ఆస్టోరియా నుంచి గెలిచిన రాష్ట్ర శాసనసభ్యుడు. 2021లో పర్మిట్ల అప్పుల్లో కూరుకుపోయిన టాక్సీ డ్రైవర్ల పక్కన నిరాహార దీక్షకు కూర్చున్నవాడు. 2025 ఆరంభంలో సర్వేలు అతడికి ఒక్క శాతం ఓట్లిచ్చి ఊరుకున్నాయి. అద్దె నియంత్రణ కింద ఉన్న ఇళ్ల అద్దెలు పెరగకుండా ఆపుతానని, సిటీ బస్సులు ఉచితం చేస్తానని అతడు చెప్పిన మాటను వేలమంది వాలంటీర్లు గడప గడపకూ మోశారు. చివరి లెక్కలో 56 శాతంతో గెలిచి, నవంబరులో మేయరుగా ఎన్నికయ్యాడు. ఆ వాగ్దానాలు మంచివో కావో ఆ నగరవాసులు తేల్చుకుంటారు. నీవు నేర్చుకోవలసింది మార్చిలో జరిగిన ఒక చిన్న సంగతి నుంచి. ఖర్చు పరిమితికి సరిపడా సొమ్ము సమకూడగానే, ఇక విరాళాలు పంపవద్దని అతడు తన మద్దతుదారులనే బహిరంగంగా కోరాడు. ఇచ్చేవాళ్లు ఇంకా ఇస్తామంటుండగా చాలు అనడం రాజకీయాల్లో అరుదైన మాట.

అయితే ఆ హద్దు అతడు గీసుకున్నది కాదని కూడా గుర్తుంచుకో. అవినీతి కుంభకోణాలతో తల దించుకున్న ఆ నగరం 1988లో ఒక కట్టుబాటు చేసుకుంది. నగరవాసి ఇచ్చిన చిన్న విరాళానికి ప్రజాధనం తోడవుతుంది. నేడు మేయర్ అభ్యర్థికి 250 డాలర్ల వరకు, ఇచ్చిన ప్రతి డాలరుకూ ఎనిమిది కలుస్తాయి. పది డాలర్లు ఇస్తే తొంభై అవుతుంది. బదులుగా అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంటుంది. ఆ చట్టం కోసం శ్రమించినవాళ్ల పేర్లు విజయోత్సవంలో ఎవరూ పలకరు. నీవు గెలిచిన రోజున అలాంటివాళ్లను తలుచుకో. కొండను ఒంటిచేత్తో పిండిచేశానని విర్రవీగకు.

ధనం ఎప్పుడూ ఓడుతుందని నమ్మి కూడా దిగకు. స్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన జమాల్ బౌమన్ 2020 ప్రైమరీలో, ముప్పై ఏళ్లకు పైగా అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో పాతుకుపోయిన ఎలియట్ ఎంగెల్‌ను ఓడించాడు. 2024లో ఆ స్థానంలోనే తాను ఓడాడు. అతడిని ఓడించడానికి బయటి సంస్థ ఒక్కటే కోటీ 40 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించింది. ప్రతినిధుల సభ ప్రైమరీల్లో అంత ఖరీదైన పోటీ అంతకుముందు లేదు. అతడి పొరపాట్లూ ఆ ఓటమికి తోడయ్యాయి. ఫలితం నీ చేతిలో లేదు. ఓడినా ఎవరికీ బాకీ పడకుండా ఇల్లు చేరడం నీ చేతిలో ఉంది.

ధనికుడి ఋణం తప్పించుకున్నవాడి కోసం మరో ఋణం కాచుకుని ఉంటుంది. అది చప్పట్ల ఋణం. జనం కోపం మీద పైకెక్కినవాడు ఆ కోపం చల్లారితే తాను దిగిపోవాలని భయపడతాడు. శత్రువు కరువైతే కల్పించుకుంటాడు. నీవు ఆ దారి పట్టకు. సంపద అధికారాన్ని కొనడాన్ని ఎదిరించు, సంపన్నుడిని మనిషిగా ద్వేషించకు. ఇచ్చిన మాట నెరవేర్చలేని రోజు వస్తే, చప్పట్లు కొట్టినవాళ్ల ముందే నిలబడి ఆ సంగతి చెప్పు. పెద్ద దాత తన బాకీని గుర్తుచేయడానికి మనుషులను పంపుతాడు. అద్దె డబ్బులో నుంచి పది తీసి ఇచ్చినవాడు నీ గుమ్మం తొక్కడు. అతడి బాకీని గుర్తుచేయవలసింది నీ అంతరాత్మే. అందుకే అది ఎక్కువ బరువైనది.

మన తెలుగునాట ప్రైమరీలు లేవు. ఇక్కడ ధనం టికెట్టు దగ్గరే అడ్డం నిలుస్తుంది, పోలింగు ముందు రాత్రి ఓటరు ఇంటికీ వస్తుంది. నోటు అందుకున్న ఓటరు ఐదేళ్లు రోడ్డు గురించి, ఆసుపత్రి గురించి అడగడానికి నీళ్లు నములుతాడు. అతడినీ కట్టేసింది ఆ ఉప్పే. కనుక పరిశుద్ధి నీతో మొదలు కావాలి. పోటీకి దిగే ముందు నీకు ఇచ్చినవాళ్ల పేర్లన్నీ ఒక పట్టీగా రాయి. అందులో ఏ పేరును నలుగురి ముందు చదవడానికి నోరు రాదో, ఆ సొమ్మును ఆ రోజే తిప్పి పంపు. ఆ పని చేయలేనివాడు ప్రజల పక్షాన పోటీ చేస్తున్నానని చెప్పుకోకూడదు.