గాయాల కూడిక

బాల్యంలో హింస ఒంటరిగా రావడం అరుదు. తాగుడు ఉన్న ఇంట్లో తల్లి దెబ్బలు తింటుంది, పిల్లలు తిట్లు పడతారు, వాళ్ల ఆకలీ జ్వరమూ పట్టించుకునేవారు ఉండరు. వీటిని విడివిడిగా చూస్తే ఒక్కోటి ఒక్కో సమస్య. కలిపి చూస్తే ఒక బతుకు.

ఇలా కలిపి చూడటానికి దారి తీసినవాడు అమెరికాలోని శాన్ డియేగో వైద్యుడు విన్సెంట్ ఫెలిట్టి. 1980లలో ఆయన నడిపిన స్థూలకాయ చికిత్సలో, బరువు బాగా తగ్గుతున్నవారే మధ్యలో మానేసేవారు. ఆరా తీస్తే, వారిలో చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవారు. కొందరికి ఆ లావు ఒక రక్షణ. ఆ తర్వాత ఆయన పరిశోధకుడు రాబర్ట్ ఆండాతో కలిసి 1995-97 మధ్య 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వారి బాల్యం గురించి అడిగారు. వీరిలో ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతివారే.

1998లో వెలువడిన తొలి ఫలితాల్లో ఏడు రకాల చేదు అనుభవాలను లెక్కించారు. తర్వాత నిర్లక్ష్యం, తల్లిదండ్రులు విడిపోవడం వంటివి చేరి అవి పదయ్యాయి. సగానికి పైగా జనానికి కనీసం ఒకటి ఉంది. నాలుగు లేదా అంతకు మించి ఉన్నవారిలో మద్యపాన వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు, ఏ అనుభవమూ లేనివారితో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు. సంఖ్య పెరిగినకొద్దీ గుండెజబ్బు, క్యాన్సర్, కాలేయవ్యాధి కూడా పెరిగాయి.

ఈ కూడిక రెండు దారుల్లో సాగుతుంది. ఒకటి శరీరం. ప్రమాదం వచ్చినప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్ వంటి హార్మోన్లు కాసేపు మేలు చేస్తాయి. భయం రోజూ ఉంటే అవే రోగనిరోధక శక్తినీ రక్తనాళాలనూ అరగదీస్తాయి. రెండోది అలవాటు. సిగరెట్టు, మద్యం, అతిగా తినడం అప్పటికి బాధను తగ్గిస్తాయి. వైద్యుడికి జబ్బుగా కనిపించేది రోగికి చాలాసార్లు మందే. అందుకే మానమని చెప్పినంత మాత్రాన మానలేరు.

అయితే ఈ లెక్కకు హద్దులున్నాయి. అది ఎన్ని రకాలో చెబుతుంది గానీ ఎంత తీవ్రమో చెప్పదు. ఏళ్లతరబడి సాగిన హింసకూ కొన్ని నెలల్లో ఆగినదానికీ అందులో ఒకే అంకె. పైగా అది జనసమూహానికి చెల్లే సగటు. ఒక మనిషి జాతకం కాదు. హవాయి దీవుల్లోని కవాయీలో 1955లో పుట్టిన పిల్లలను పరిశోధకురాలు ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. అనేక కష్టాల మధ్య పుట్టినవారిలోనూ సుమారు మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వారికి అండగా తరచూ కనిపించింది నమ్మకంగా దగ్గరున్న పెద్దమనిషి: ఒక అమ్మమ్మ, ఒక టీచరు.

ఇంకో చిక్కు ఉంది. హింస మామూలైపోయిన చోట దాన్ని ఎవరూ హింసగా లెక్కించరు. మన దేశంలో ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో జరిపి, కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో దండనను నిషేధించింది. కానీ దెబ్బ పడనిదే బుద్ధి రాదన్న నమ్మకం ఇంట్లో కొనసాగుతూనే ఉంది.

గాయాలు పోగుపడతాయన్న మాటలో నిరాశ మాత్రమే లేదు. మొత్తం భారమే మనిషిని కుంగదీస్తుంటే, అన్నిటినీ ఆపలేకపోయినా ఒక్కటి ఆపడం వృథా కాదు. తాగుడు మానని ఇంట్లోనైనా కొట్టడం ఆగితే ఆ పిల్లవాడి భారం ఆమేరకు తగ్గుతుంది.