ఫలం వేరు, బాకీ వేరు



కర్మయోగం వీడియో చూశాక ఒక చెల్లి నన్ను ఒక ప్రశ్న అడిగింది. తను ఒక వృద్ధాశ్రమంలో సూపర్‌వైజర్. మంచం పట్టినవాళ్ళు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండే చోటు అది. "అన్నా, మా ఆయాలు ఎక్కువ రోజులు నిలబడట్లేదు. వాళ్ళకి గీత చెప్పి మోటివేట్ చేయమంటున్నారు మా పైవాళ్ళు. చెప్పొచ్చా?"

చెప్పొచ్చు. కానీ ఎవరు ఎవరికి చెప్తున్నారు, దేని గురించి చెప్తున్నారు అన్నది ముందు చూసుకోవాలి.

ఆ పని ఎలాంటిదో ఒకసారి ఆలోచించండి. మామూలు ఆసుపత్రిలో రోగి కోలుకుని, దండం పెట్టి ఇంటికెళ్తాడు. నర్సుకి అదే పెద్ద తృప్తి. ఇక్కడ అది ఉండదు. మంచంలో ఉన్న పెద్దాయన్ని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే ఒంటికి పుళ్ళు పడతాయి. డైపర్ మార్చాలి, ముద్ద ముద్దగా తినిపించాలి. "నా కొడుకు వచ్చాడా?" అని ఒక బామ్మ పదిసార్లు అడిగితే పదిసార్లూ నెమ్మదిగానే జవాబు చెప్పాలి. ఇంత చేసినా ఆరోగ్యం దిగజారుతూనే ఉంటుంది. చివరికి ఒకరోజు మంచం ఖాళీ అవుతుంది. మర్నాడు అదే మంచం మీదికి ఇంకొకరు వస్తారు.

నాకు తెలిసి గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం నిజంగా అవసరమయ్యే చోటు ఇదే. పని మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అన్న మాట ఆ ఆయాకి పెద్ద ఊరట. పెద్దాయన కోలుకోకపోవడం ఆమె తప్పు కాదు. ఇవాళ ఒంటి మీద పుండు పడలేదు, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, ఒకసారి నవ్వాడు. ఈరోజుకి కర్మ పూర్తయింది. సూపర్‌వైజర్ ఆ మాట రోజూ గుర్తుచేస్తే అదే అసలైన ప్రోత్సాహం. ఎవరైనా పోయినప్పుడు, ఆ మంచం సర్దమనే ముందు, ఒక దీపం పెట్టి పది నిమిషాలు కన్నీళ్ళు పెట్టుకోనివ్వడం కూడా ప్రోత్సాహమే.

కానీ అదే శ్లోకాన్ని జీతం ఆలస్యమైనప్పుడు చదివితే? "అమ్మా, ఇది సేవ, ఫలం ఆశించకూడదు" అంటే? అక్కడే ధర్మం తప్పుతున్నాం. కృష్ణుడు ఫలం అన్నది మన చేతిలో లేనిదాన్ని. జీతం యజమాని చేతిలోనే ఉంది. అది ఫలం కాదు, బాకీ. నిష్కామం అనేది పని చేసేవాడు తనకు తాను పెట్టుకునే నియమం. చేయించుకునేవాడు ఎదుటివాడి మీద రుద్దేది కాదు.

ఇది నేను కొత్తగా కల్పించి చెప్తున్నది కాదు. అయోధ్యాకాండ 100వ సర్గ తీసి చూడండి. అడవిలో తనను వెతుక్కుంటూ వచ్చిన భరతుణ్ణి రాముడు రాజ్యం గురించి వరసగా ప్రశ్నలు అడుగుతాడు. సైనికులకి తిండి, జీతం వేళకి ఇస్తున్నావా, ఆలస్యం చేయట్లేదు కదా అన్నది వాటిలో ఒకటి. ఆలస్యమైతే పనివాళ్ళకి ప్రభువు మీద కోపం వస్తుంది, దాంతో పెద్ద అనర్థం జరుగుతుంది అని కూడా హెచ్చరిస్తాడు. సభాపర్వంలో నారదుడు ధర్మరాజుని అడిగిన ప్రశ్నల్లోనూ ఇది ఉంది. ఇప్పటి వేతనాల కోడ్ 2019 కూడా నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలంటోంది.

"మరి రాముడు హనుమంతుడికి కౌగిలి మాత్రమే ఇచ్చాడు కదా?" అని మీకు అనిపించొచ్చు. నిజమే. కానీ అప్పుడు రాముడి దగ్గర ఇంకేం లేదు. ఇంత మేలు చేసినవాడికి తగినది ఇవ్వలేకపోతున్నానే అని బాధపడుతూ ఆ కౌగిలి ఇచ్చాడు. 2020 మార్చి 22 సాయంత్రం మనమంతా వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టాం, పళ్ళాలు మోగించాం. తప్పేం లేదు. కానీ ఉండి కూడా ఇవ్వకుండా చప్పట్లతో సరిపెడితే అది రాముడి దారి కాదు.

ఇంకొకటి, జీతం ఇచ్చేస్తే నాయకుడి పని అయిపోయినట్టు కాదు. సైంధవుణ్ణి వధించిన రోజు, యుద్ధం మధ్యలోనే కృష్ణుడు రథం ఆపి గుర్రాలను విప్పాడు. వాటి ఒంట్లో దిగిన బాణాలు తన చేత్తో తీసి, ఒళ్ళు నిమిరి, నీళ్ళు పట్టించాడు. గీత చెప్పింది ఆ చేతుల మనిషే! రోజుకి ఒక్కసారైనా ఆయాతో కలిసి పెద్దాయన్ని పక్కకి తిప్పిన సూపర్‌వైజర్ నోట గీత వింటే, ఆ ఆయాకి అది ఉపన్యాసంలా అనిపించదు.

వృద్ధాశ్రమంలో పనిచేయని మనకీ ఇందులో వాటా ఉంది. ఇంట్లో తాతయ్య కోసం ఏజెన్సీ ద్వారా అటెండెంట్‌ని పెట్టుకుంటే మనం కూడా యజమానులమే. ఆమెకి వారానికి ఒక సెలవు ఉందా? రాత్రి డ్యూటీలో కాసేపు నడుం వాల్చే చోటు ఉందా? మనం ఏజెన్సీకి కట్టేదాంట్లో ఆమె చేతికి ఎంత వెళ్తోంది? ఈ మూడూ ఈ వారమే అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత ఆమెతో కర్మయోగం గురించి మాట్లాడదాం. బహుశా ఆమే మనకి చెప్తుంది.

జై శ్రీకృష్ణ.