పని తగ్గినప్పటి పళ్లెం



మనిషి బరువు తిండికీ పనికీ మధ్య కుదిరే లెక్క. పని మారి తిండి మారకపోతే ఆ లెక్క తప్పుతుంది. సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని వేములఘాట్ మల్లన్నసాగర్ ముంపులో పోయింది. 50 టీఎంసీల ఆ జలాశయం కోసం ఊరు విడిచిన కుటుంబాలు గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి చేరాయి. ఇలా ఊరు పోయినచోట ఇల్లూ పొలంతోపాటు పొద్దున్నే బాయికాడికి నడక, కలుపుతీత, గడ్డిమోపు, పెరట్లో బీరపాదు కూడా పోతాయి. ఆకలి మాత్రం పాత వేళకే, పాత లెక్కలోనే వేస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఒళ్లు వంచి కష్టం చేసే 65 కిలోల మగవాడికి రోజుకు దాదాపు 3,470 కిలోక్యాలరీలు కావాలి. కూర్చుని చేసే పనికి 2,110 చాలు. 55 కిలోల ఆడమనిషికి ఇవే 2,720, 1,660. మగవాడి లెక్కలో తేడా ఇంచుమించు 400 గ్రాముల బియ్యంతో సమానం. వ్యవసాయం వదిలి దుకాణంలో కూర్చున్నవాడు మునుపటంత అన్నమే తింటే పొట్ట రావడంలో వింత లేదు. అతణ్ని తిండిపోతు అనడం అన్యాయం. పల్లె వదిలి హాస్టల్‌కో ఆఫీసుకో వెళ్లిన పిల్లలకూ జరిగేది ఇదే.

అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కిలోక్యాలరీల పళ్లేన్ని గ్రాముల్లో చెప్పింది: బియ్యం, జొన్న, గోధుమ అన్నీ కలిపి 250, కూరగాయలు, ఆకుకూరలు 400, పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. తెలంగాణలో రేషన్ సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. కూర్చుని పనిచేసేవారికి రేషన్ బియ్యంతోనే ఆ వాటా దాదాపు నిండుతుంది. మిగిలేది 50 గ్రాములు, ఓ జొన్నరొట్టెకు సరిపడా పిండి. మరి దీనిపైన కొనే బస్తా ఎందుకన్నది ఏ ఇంటికా ఇల్లు వేసుకోవాల్సిన ప్రశ్న.

జొన్నరొట్టె తింటే బరువు తగ్గుతారన్న మాట సగమే నిజం. జొన్నలోనూ క్యాలరీలు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి. కానీ పీచు ఎక్కువ, నమిలి తినాలి, కడుపు త్వరగా నిండినట్టుంటుంది. అసలు లోటు కూరల దగ్గర. అన్నం కుప్ప పక్కన చెంచాడు కూర, పైన పచ్చిపులుసు పోసుకునే అలవాటు తిరగబడాలి. తోటకూర, గంగవాయిలి కూర, సొరకాయ, బీరకాయ సగం పళ్లెం నింపాలి. 400 గ్రాముల్లో ఆలుగడ్డ లెక్కలోకి రాదు. ఉడికించిన బొబ్బర్లు, పెసర్ల గుడాలు సాయంత్రం మిర్చిబజ్జీ కంటే ఎన్నో రెట్లు మేలు.

నూనెను నెలసరి సరుకుల్లోనే కొలవడం తేలిక: నలుగురున్న ఇంటికి మూడున్నర లీటర్లు దాటకూడదు. చాయ్ సంగతి చాలామంది మరిచిపోతారు. రెండు చెంచాల చక్కెరతో ఐదు కప్పులు తాగితే చక్కెర నుంచే 200 కిలోక్యాలరీలు. దావత్‌లు మానక్కర్లేదు. దావత్ నెలకోసారి, చాయ్ రోజూ.

బరువు సరిపోయిందో లేదో తెలియడానికి కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. భారతీయ పెద్దలకు 18.5 నుంచి 23 లోపు మేలు. 165 సెంటీమీటర్ల మనిషికి అది సుమారు 50 నుంచి 62 కిలోలు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదు.

తగ్గించుకోవాల్సినవారు వారానికి అర కిలోకు మించి తొందరపడరాదు. పొద్దటి తిండి మానేస్తే మధ్యాహ్నం ఎక్కువ తినే అవకాశం ఉంటుంది. వ్యవసాయం పోయినచోట రోజూ అరగంటో, ముప్పావు గంటో గట్టి నడక ఉండాలి. గర్భిణులు, ఎదిగే పిల్లలు అన్నం తగ్గించుకోకూడదు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవారు ఒక్కసారిగా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు; అందుకే మందు మోతాదు గురించి ముందే డాక్టర్‌ను అడగాలి.