ఆగడం రాని సేవ

ఇవాళ తొలి ఏకాదశి. స్వామి యోగనిద్రకు ఉపక్రమించే రోజు. ఇంకో నాలుగైదు రోజుల్లో గురుపౌర్ణమి వస్తుంది, యతులు చాతుర్మాస్య దీక్షలో కూర్చుంటారు. ఏడాది పొడవునా ఊరూరా తిరిగేవాళ్లు ఉన్నచోటనే ఉండిపోతారు. వానకాలం నేలంతా ప్రాణమే. పురుగు, పుట్ర, అప్పుడే తలెత్తిన మొలక. ఎంత పుణ్యకార్యానికి బయల్దేరిన కాలైనా దేన్నో ఒకదాన్ని తొక్కక మానదు. అందుకే పెద్దలు ధర్మప్రచారాన్ని సైతం ఆపి కూర్చోమన్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా స్టేషన్ ఘన్‌పూర్‌లోని చుట్టాలమ్మాయి ఒకతె నర్సింగ్ చదివి, వలంటీరుగా టాంజానియా వెళ్లింది. ఏ దవాఖానలో వేస్తారో ఇంకా తేలలేదు. కాయితాలు కదలడం లేదు. ఫోన్ చేస్తే ఒకటే గోస. "సేవ చేద్దామని ఇంత దూరమొస్తే ఊకె కూసోబెట్టిన్రు బాబాయ్. తినుడు, పండుడు. ఇంటికొచ్చేస్త."

"ఏం తింటున్నవు బిడ్డా?" అన్నాను. ఉగాలి అట. మక్కపిండిని ఉడికించి కెలికిన ముద్ద. మన గట్కను ఇంకాస్త బిరుసుగా చేస్తే అదే. చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో నడుమ నొక్కి గుంట చేసి, ఆ గుంటలోకి ఆకుకూర అందుకోవాలట. మొదట్లో చెంచా అడిగేదట, ఇప్పుడు తానుంటున్న ఇంటి పిల్లలతో సమానంగా తింటోంది. పెద్దవాళ్లు ఎదురైతే 'షికమో' అనాలి, వాళ్లు 'మరహబా' అని బదులిస్తారు. ఇదంతా చెప్పి, మళ్లీ "పనేం లేదు" అంటుంది! రేపు వార్డులో ముసలమ్మకు నొప్పెక్కడో ఏ భాషలో అడుగుతావు తల్లీ? ఆమె వండుకునే ముద్దేదో తెలియకుండా పథ్యం ఏం చెబుతావు? నువ్వు నేర్చుకుంటున్నది నీ పనిలో సగం.

విరాటుని కొలువుకు వెళ్లబోతున్న పాండవులకు ధౌమ్యుడు ఏం బోధించాడో భారతం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. అస్త్రవిద్య కాదు. పరుల కొలువులో ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు నోరు విప్పాలి, ఎప్పుడు మూసుకోవాలి. రాజసూయం చేసిన ధర్మరాజుకు ఆ పాఠం! ఆయన విన్నాడు. గదాధరుడు గరిటె పట్టాడు, గాండీవధారి ఆట నేర్పాడు. నా అర్హతకు తగ్గ కొలువేదని ఎవరూ అడగలేదు.

పురాణం సరే, మొన్నటి మనిషి మాట చూడండి. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో బొంబాయిలో దిగాడు. ముందు తన శిక్షణ పూర్తి చేసుకున్నాడు. తర్వాత మన్మాడ్ ప్రాంతంలో రైతుల వెంట నిలబడి బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆయన కోసం వేలమంది రైతులు రోడ్డెక్కారు. అయినా వెళ్లక తప్పలేదు. మరుసటి ఏడాది తిరిగొచ్చినప్పుడు దక్కింది పాత చోటు కాదు, మన అనంతపురం. కొత్త భాష, కొత్త కరువు, మళ్లీ ఓనమాలు. నా ఊరు నాకివ్వండని భీష్మించుకుంటే ఆ కరువుసీమకు ఆ చేతులు దక్కేవి కావు. 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు, బత్తలపల్లి మట్టిలోనే కలిశాడు. ఆయన మతమేదైనా, ఆ ఓపిక ఏ ఆశ్రమంలో పెట్టినా వెలిగేదే.

మరి మనమో? తిరుమలలో శ్రీవారి సేవ 2000లో మొదలైంది. మన మండలాల నుంచీ జట్లు కట్టి వెళుతుంటారు. వెళ్లేటప్పుడు భక్తి, దిగాక బేరం. గుడి లోపల డ్యూటీ పడితే గోవిందా, కూరగాయలు తరగమంటే మూతిముడుపు. ఊళ్లో అన్నదానమైనా అంతే. వడ్డించే గరిటెకు పదిమంది పోటీ, ఎంగిలి విస్తళ్లు ఎత్తేందుకు ఒక్కరూ ఉండరు. గరిటె అందగానే ముందు ఫొటో, ఆ తర్వాతే పప్పు. పావుగంట ఖాళీగా నిలబడమంటే జేబులోంచి సెల్లు బయటికి వస్తుంది. చేతికి పని లేకపోతే మనసు ఇంత అల్లాడుతోందంటే, మనం వచ్చింది ఎవరి ఆకలి తీర్చడానికి? వాళ్లదా, మనదా?

కుబేరుని అప్పు తీర్చే దారి తోచక శ్రీనివాసుడంతటివాడు మన చిల్పూరు గుట్ట మీద కూర్చుండిపోయాడని స్థలపురాణం. దేవుడికి లేని నామోషీ మనకెందుకో.

ఊరి తీరు తెలియకముందే ఉద్ధరించడానికి పరుగెత్తే సేవ కూడా వానకాలపు ప్రయాణం లాంటిదే. ఎవరి మర్యాదనో, ఎవరి అలవాటునో తొక్కేస్తుంది. తొక్కినట్టు తెలియను కూడా తెలియదు. ఆగడం సోమరితనమని ఎవరు నేర్పారో గానీ, యతులకు అది వ్రతం.

ఇవాళ గుట్ట ఎక్కే కుర్రాళ్లకు ఒక్కటే మనవి. చెప్పుల దగ్గర నిలబడమంటే నిలబడండి. ఏ పనీ చెప్పకపోతే ఓ పక్కన కూర్చుని, ముసలివాళ్లు ఏ మెట్టు దగ్గర ఆయాసపడుతున్నారో చూడండి. అదీ చేతకాకపోతే ఇంట్లో పేలపిండి తిని పడుకోండి. వచ్చే భక్తులకు దారైనా ఖాళీగా ఉంటుంది.