వార్మర్ పక్కన కుర్చీ

నెలలు నిండకుండా పుట్టి, ఒంటిని వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడుకున్న బిడ్డ ఎవరి బిడ్డ? నర్సింగ్ పాఠాలు చెప్పే నాకు ఇన్నేళ్లయినా తెగని ప్రశ్న ఇది. కేస్ షీటులో రాసేది తల్లి పేరు. ఆ తల్లినే బయట బెంచీ మీద కూర్చోబెడతాం. ఇన్‌ఫెక్షన్ భయం నిజమే, కాదనను. కానీ చేతులు కడుక్కోవడం ఓపికగా నేర్పడం కన్నా తలుపు వేయడం మనకు తేలిక.

మా మంచిర్యాలలో ఆ బెంచీ మీద శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో నైట్ షిఫ్ట్ చేసి నేరుగా వచ్చిన తండ్రులూ ఉంటారు. ఒకాయన మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నా గోళ్ల మూలల్లో నల్లగీతలు అలాగే ఉన్నాయి. "ఎంత కడిగినా పోదు మేడం, బాయి పని గదా" అన్నాడు. గోళ్లు తీయించి, మళ్లీ కడిగించి లోపలికి పంపాం. చొక్కా విప్పి రొమ్ము మీద బిడ్డను పెడితే, కదిలితే ఏమవుతుందోనని ఊపిరి బిగబట్టాడు. "ఊపిరి తీస్కో అన్నా, నిన్ను చూసే వాడూ తీస్కుంటడు" అంది నా విద్యార్థిని. ఏ సిలబస్‌లోనూ లేని మాట!

ఇలా బిడ్డను ఒంటికి హత్తి ఉంచడం జాలితో చేసే పని కాదు. 1970ల చివర కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే తల్లుల రొమ్మునే ఆసరా చేసుకున్నారు. చాలాకాలం దాన్ని పేద దేశాల సర్దుబాటుగానే చూశారు. 2021లో వెలువడ్డ అధ్యయనం ఆ చిన్నచూపును తుడిచేసింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి ఒంటికి హత్తి ఉంచితే 28 రోజుల లోపు మరణాలు 12 శాతం. మామూలు పద్ధతిలో 15.7. మెషిన్లున్న వార్డుల్లోనే ఈ తేడా. 2017లోనే కేంద్ర ఆరోగ్యశాఖ కుటుంబాన్ని లోపలికి రానివ్వమని మార్గదర్శకాలిచ్చింది.

2022 జూలైలో గోదావరి వరద మా మాతా శిశు ఆసుపత్రిలోకే వచ్చింది, తల్లీబిడ్డలను తరలించాల్సి వచ్చింది. కరెంటు పోతే వార్మర్ వట్టి బల్ల. తల్లి ఒంటి వేడికి ఏ ప్లగ్గూ అక్కర్లేదు.

ట్యూబ్ వేయడం, ఆక్సిజన్ సాచురేషన్ చూడడం నేర్పగలను. కుటుంబానికి చోటిచ్చి పక్కకు జరగడం నేర్పడమే కష్టం. చదువుకున్న గర్వం అడ్డొస్తుంది. ఓ నాయనమ్మ ఉగ్గుగిన్నెను పెదవి మూలకు ఆనించి, ఒక్కో చుక్క వదిలి, బిడ్డ మింగేదాకా ఆగడం చూశాను. అంత నిదానం మా డ్యూటీ గంటల్లో ఎక్కడిది?

అందరు బిడ్డలూ బతకరు. పోయిన బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకున్న తల్లి ఏడుపు వేరు, అద్దంలోంచి చూసి వెళ్లిపోయిన తల్లి ఏడుపు వేరు. రెండూ విన్నాను.

వార్మర్లు కొనిస్తామని ముందుకొచ్చే దాతలకు ఒక విన్నపం: వార్మర్‌కొకటి చొప్పున, వెనక్కి వాలే కుర్చీ కూడా ఇప్పించండి.