నీళ్లను నీళ్లుగా నిలిపిన బంధం

లెక్క ప్రకారమైతే ఈ భూమ్మీద నీళ్లు ఉండకూడదు. ఉన్నా గాలిలో వాయువుగానే ఉండాలి.

ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ ఉన్న నిలువు వరుసనే కింది నుంచి పైకి చూసుకుంటూ రండి. టెల్లూరియం హైడ్రోజన్‌తో కలిస్తే వచ్చే పదార్థం దాదాపు మైనస్ 2 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సెలీనియంతో వచ్చేది మైనస్ 41 దగ్గర. గంధకంతో వచ్చేది, కుళ్లిన గుడ్డు వాసన వేసే ఆ వాయువు, మైనస్ 60 దగ్గర. అణువు తేలికయ్యేకొద్దీ మరుగు స్థానం దిగుతోంది. వీటన్నిటికన్నా తేలికైన నీరు ఇంకా కిందికి జారాలి కదా! జారలేదు. ఒక్క గెంతులో 100 డిగ్రీలకు ఎక్కి కూర్చుంది. ప్రకృతిలో నన్ను ఇంతగా అబ్బురపరిచిన అంకె మరొకటి లేదు.

ఆ గెంతు రహస్యం నీటి అణువు వంపులో ఉంది. రెండు హైడ్రోజన్లు ఆక్సిజన్‌కు చెరోవైపు తిన్నగా నిలబడవు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ తనవైపు లాక్కోవడంతో ఒక కొస రుణావేశానికి, మరో కొస ధనావేశానికి మొగ్గుతుంది. తిన్నగా ఉండి ఉంటే ఆ లాగుడు ఇటూ అటూ సరిపోయేది. బొగ్గుపులుసు వాయువు గతి అదే: నీటికి రెండింతలకు పైగా బరువున్నా మైనస్ 78కే గాలిలో కలిసిపోతుంది. నీటిలో మాత్రం ఒక అణువు హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. బర్కిలీలో లాటిమర్, రోడ్‌బుష్ 1920లోనే ఈ పట్టును ప్రతిపాదించారు. హైడ్రోజన్ బంధం అంటే ఇదే.

ఎంత సుకుమారమైన బంధం! అణువు లోపలి బంధం బలంలో ఇది ఇరవయ్యో వంతు. సెకనులో లక్ష కోట్లో వంతు కాలంలోనే తెగి, మరో అణువుతో ముడిపడుతుంది. కోలాటంలో ప్రతి దెబ్బకూ జత మారుతుంది, వలయం మాత్రం చెదరదు. నీళ్ల ఆట అలాంటిది.

అమరిక మహిమ చూడాలంటే ఇంకో జంట ఉంది. రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఆక్సిజన్‌ను చివర పెట్టి దానికో హైడ్రోజన్ తగిలిస్తే ఇథనాల్, 78 డిగ్రీల దాకా మరగదు. అదే ఆక్సిజన్‌ను రెండు కార్బన్ల నడుమ ఇరికిస్తే డైమిథైల్ ఈథర్, మైనస్ 24కే మరిగిపోతుంది. సరుకు అదే, బరువూ అదే, తేడా వంద డిగ్రీలు!

ఎవరితోనూ కలవని హీలియం సంగతి? దాన్నీ 1908లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ ద్రవంగా మార్చాడు, మైనస్ 269 డిగ్రీల దగ్గర. ఎలక్ట్రాన్ల క్షణికమైన ఊగిసలాటతో ఆ ఒంటరి పరమాణువుల మధ్య కూడా ఓ సన్నని ఆకర్షణ పుడుతుందని 1930లో ఫ్రిట్జ్ లండన్ చూపాడు. పూర్తిగా నిర్లిప్తమైన పదార్థం సృష్టిలో లేదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈసారి ఎసరు మరుగుతుంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. కిలో నీళ్లను సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 420 కిలోజౌళ్లు చాలు. ఆ మరిగే నీళ్లను పూర్తిగా ఆవిరి చేయడానికి మాత్రం దాదాపు 2,260 కావాలి. అంత వేడికీ అణువు లోపలి బంధం తెగదు. ఆ వేడి దాదాపు అంతా అణువును తోటి అణువుల నుంచి విడదీయడానికే ఖర్చవుతుంది.